పోయినేడాది జనవరి బిల్లు

కార్డు మళ్లీ మార్వెన్ తలుపు పిడికే వేలాడుతోంది.

'ఈ వారం మెట్లు కడిగే వంతు మీది' అని అచ్చువేసిన ఆ అట్టముక్కకి మార్వెన్ అమ్మమ్మ వయసుంటుంది. గ్లాస్గో నగరపు డెనిస్టౌన్‌లోని ఆ నాలుగంతస్తుల రాతి భవనంలో ఎవరి వంతు వాళ్లు కడిగి, దాన్ని పక్కవాళ్ల తలుపుకి తగిలించాలి. అంతేగానీ, మొన్న శనివారమే మోకాళ్లు అరిగేలా కడిగిన మనిషి తలుపుకే తిరిగొచ్చి వేలాడకూడదు.

ఇది కింది ఇంటివాడి పనే అనుకుంది మార్వెన్. అట్ట పట్టుకుని ధడధడా దిగి తలుపు బాదింది.

తీసినవాడు పొట్టిచేతుల చొక్కాలో ఉన్నాడు. కాళ్లకి మేజోళ్లు కూడా లేవు. బయటేమో ఫిబ్రవరి వాన. గ్లాస్గో వాన పైనుంచి పడదు, పక్కనుంచి వచ్చి చెంపమీద కొడుతుంది.

మార్వెన్ ఒంటిమీద రెండు స్వెటర్లు, వాటిమీద కోటు, నెత్తిన ఊలు టోపీ, వేళ్లు మాత్రం బయటికి కనబడే చేతితొడుగులు.

"బయటికి బయల్దేరారా?" అన్నాడతను.

"లేదు. ఇప్పుడే ఇంట్లోంచి వస్తున్నా."

"మరి ఈ వేషం?"

"మా ఇంట్లో ఫిబ్రవరి. మీ ఇంట్లో జూలై నడుస్తున్నట్టుంది!"

అతను నవ్వాడు. నవ్వితే ఎడమ బుగ్గమీద చిన్న సొట్ట పడింది. కోపంగా ఉన్నప్పుడు ఎదుటివాడి బుగ్గమీద సొట్టలు గమనించడం తప్పని మార్వెన్‌కి తెలుసు. అయినా గమనించింది.

"ఈ కార్డు మీరేగా తగిలించింది?"

"నేనే. పైవాళ్లు కడగలేదని అడుగంతస్తు మిసెస్ మ్యూర్ చెప్పింది."

"కళ్లజోడు లేకపోతే ఆవిడకి ఆవిడ కాళ్లే కనబడవు. నేను కడిగిన మెట్లు కనబడతాయా?"

"అయితే తప్పు నాదే," అంటూ అతను అట్ట అందుకుని తన తలుపుకే తగిలించుకున్నాడు. "నా పేరు స్ట్రువాన్."

"తెలుసు. మూడేళ్ల నుంచీ మీ ఉత్తరాలు నా పెట్టెలో పడుతున్నాయి," అని మార్వెన్ పైకెళ్లిపోయింది. రెండు మెట్లెక్కాక ఆ తెరిచిన తలుపులోంచి వచ్చిన వెచ్చదనం ఇంకా వీపుకి తగులుతూనే ఉంది. ఒక్క క్షణం అక్కడే నిలబడాలనిపించింది కూడా.

మార్చి వచ్చింది. వెంట కరెంటు కంపెనీ ఉత్తరాన్నీ తెచ్చింది.

మార్వెన్ ఏడాదిపాటు కట్టేసుకున్న పాత రేటు ఆ నెలాఖరుతో చెల్లు. ఆ తర్వాత దారులు రెండు. కొత్త రేటుకి ఇంకో ఏడాది ఫిక్స్ చేసుకోవచ్చు. బయట ధర పెరిగినా తగ్గినా ఆమెకి అదే రేటు, మధ్యలో వదులుకుంటే మాత్రం జరిమానా. లేదంటే ఊరికే ఉండిపోవచ్చు. అప్పుడు మూడు నెలలకోసారి మారే రేటు ఎటు ఊగితే అటు ఊగాలి. ఏప్రిల్ ఒకటిన అది పెరగడం ఖాయం. జూలైలో తగ్గుతుందని టీవీలో ఒకాయన, తగ్గినట్టే తగ్గి చలికాలానికి చుక్కలనంటుతుందని ఇంకొకాయన. ఎక్కడో యుద్ధం, ఎక్కడో ఆగిపోయిన గ్యాసు ఓడలు. అన్నీ కలిసొచ్చి మార్వెన్ ఇస్త్రీపెట్టె మీద పడ్డాయి.

ఆమె కిల్టులు, అంటే అక్కడి మగవాళ్లు పండగలకీ పెళ్లిళ్లకీ కట్టుకునే లంగాలు, కుట్టేది. గజాలకొద్దీ గళ్ల ఉన్నిబట్ట, మడత మీద మడత. ప్రతి మడతా చేత్తో కుట్టి, తడిబట్ట వేసి, బరువైన ఇస్త్రీపెట్టెతో దబ్బుమని అదమాలి. ఆ ఇంటికి ఉత్తరం వైపు పెద్ద కిటికీ ఉంది. ఆ వెలుగులో గళ్ల రంగులు అబద్ధం చెప్పవు. ఆ కిటికీ మీది ప్రేమకొద్దీ ఐదేళ్లుగా అక్కడే ఉంటోంది. కానీ హీటర్లు ఆపుకుని వణికినా బిల్లు మాత్రం వేలకి వేల యూనిట్లు చూపిస్తోంది. ఆ భవనంలో గ్యాసు లేదు, అన్నీ కరెంటు హీటర్లే.

"ఇంకో చలికాలం అక్కడ గడిపితే నువ్వు మిగలవు, నీ డబ్బూ మిగలదు," అని అబర్డీన్ నుంచి అక్క కట్రీనా ఫోన్లో తేల్చేసింది. "ఇల్లు ఖాళీ చేసి నా దగ్గరికి వచ్చెయ్. ఏప్రిల్ మొదటి శనివారం వ్యాను తెస్తా."

మార్వెన్ సరేనంది. అన్నాక కిటికీ దగ్గర కూర్చుని చాలాసేపు ఏ పనీ చేయలేదు. ఫిక్స్ చేస్తే ఉండగలనేమో అన్న ఆశ ఒకటి ఇంకా మిగిలింది. కంపెనీ ఇచ్చిన గడువు కూడా ఆ శనివారానికి ముందురోజే.

అడుగంతస్తులో ఉండే మిసెస్ మ్యూర్‌ని సలహా అడిగింది.

"నాకేం తెలుసే పిల్లా! నేను పెట్టేసుకున్నా ఫిక్స్. తగ్గితే ఏడుస్తా, పెరిగితే నవ్వుతా," అంది ఆవిడ. "ఆ లెక్కల మేష్టార్ని అడుగు. గోడకి రేట్ల గీతలు గీసి పెట్టుకున్నాట్ట."

అలా మార్వెన్ రెండోసారి స్ట్రువాన్ తలుపు తట్టింది. ఈసారి మెల్లగా.

అతను టీ పెట్టి, కిటికీ పక్కనున్న పాత తోలుకుర్చీ చూపించాడు. అందులో కూలబడగానే మార్వెన్‌కి కళ్లు మూతలుపడ్డాయి. ఆ గది వెచ్చదనం అలాంటిది. ఒక స్వెటరు విప్పింది. తర్వాత రెండోదీ విప్పింది.

"ఇది మా నాన్న కుర్చీ," అన్నాడు స్ట్రువాన్. "అవతలి ఒడ్డున డునూన్‌కి జనాన్ని దాటించే ఫెర్రీ పడవలో టికెట్లు ఇచ్చేవాడు. చిన్నప్పుడు శనివారాలు నన్నూ తీసుకెళ్లేవాడు. ఇంజను గది పక్కన ఒక బల్ల ఉండేది. దానిమీద కూర్చుంటే కింద నుంచి వేడి. చేతిలో మాంసం కూరిన వేడి రొట్టె. బయట వాన. అంతకన్నా పెద్ద సుఖం ఉందని నాకు చాలా ఏళ్లు తెలీదు."

"మా అమ్మమ్మది ఓబన్ ఊరు," అంది మార్వెన్. "ఇంటికంతా ఒక్కటే బొగ్గు కుంపటి. ఐదుగురం దాని చుట్టూ. మిగతా గదులు మే నెలలో తెరుచుకుని సెప్టెంబరులో మూతపడేవి. ఇప్పుడు గదికో హీటరుంది, వేసుకునే ధైర్యమే లేదు."

ఇద్దరూ కాసేపు ఎవరి చిన్నతనంలోకి వాళ్లు వెళ్లిపోయారు. వాన కిటికీ అద్దాన్ని గోకుతోంది. మార్వెన్‌కి లేవాలనిపించలేదు.

కానీ వచ్చిన పని ఉంది. స్ట్రువాన్ గోడమీది గీతలన్నీ వివరించాడు. ఎర్ర గీత, నీలం గీత, చుక్కల గీత.

"ఇంతకీ ఫిక్స్ చెయ్యనా, వద్దా?"

"రెండు వైపులా వాదనలున్నాయి."

"మీరైతే ఏం చేస్తారు?"

"నా సంగతి వేరు. నా వాడకమే తక్కువ," అంటూ అతను గర్వంగా తన బిల్లు తీశాడు. "చూడండి, ఏడాదికి రెండు వేల యూనిట్లు. నడిమంతస్తు కదా, పైనుంచీ కిందనుంచీ వెచ్చదనం వస్తుంది. మిగతాది పొదుపు." అని నుదుటి చెమట తుడుచుకున్నాడు. లోకంలో అందరి లెక్కలూ దిద్దే మేష్టారికి తన లెక్కమీద అనుమానం రావడం కష్టం. "మీది ఎంత?"

"ఏడు వేలు."

"ఏడు వేలా! ఇంట్లో లాండ్రీ నడుపుతున్నారా?"

"జనవరి నుంచీ పడకగదిలో హీటరు వెయ్యలేదండీ."

"అందరూ అలాగే అనుకుంటారు. రేటు సంగతి తర్వాత. ముందు స్విచ్చులు ఆపడం అలవాటు చేసుకోవాలి."

మార్వెన్ లేచింది. స్వెటర్లు ఒకదాని తర్వాత ఒకటి తొడుక్కుంది. రెండోది తిరగేసి తొడుక్కుని, సరిచేసుకోకుండానే వెళ్లింది. కళ్లలో నీళ్లు అతనికి కనబడకూడదని తొందర.

నాలుగు రోజులు మెట్లమీద ఎదురుపడినా ఆమె గోడని చూస్తూ నడిచింది. ఐదోనాడు ఆదివారం. స్ట్రువాన్ రెండు చేతులా గిన్నె పట్టుకుని పైకొచ్చాడు. పప్పు సూప్.

"క్షమించమని అడగడానికొచ్చా. ఖాళీ చేతులతో అడిగితే బాగోదని."

"లాండ్రీకి ఆదివారం సెలవు," అంది మార్వెన్. అన్నా, పక్కకి జరిగి దారిచ్చింది.

లోపల అడుగుపెట్టిన స్ట్రువాన్ ఆగిపోయాడు. గిన్నెలోంచి పొగ వస్తోంది. అతని నోట్లోంచీ పొగ వస్తోంది. కుట్టుబల్లమీద సగం కుట్టిన కిల్టు, దాని పక్కన వేడినీళ్ల సీసా. హీటరు మీద చెయ్యి వేశాడు. రాయిలా చల్లగా ఉంది.

"ఇక్కడ... ఇలాగే ఉంటారా?"

"నేను అబద్ధం చెప్పానని కదా అనుకున్నారు."

అతని ముఖం చెవులదాకా ఎర్రబడింది. మెట్లమీది చలికి వేసుకొచ్చిన తన కోటు విప్పి ఆమె భుజాలమీద కప్పబోయి, ఆమె ఒంటిమీద అప్పటికే ఒక కోటుందని చూసి, దాన్ని చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు. ఆ తికమక చూసి మార్వెన్‌కి నవ్వొచ్చింది. కోపం సగం అక్కడే కరిగింది. మిగతా సగాన్ని సూప్ చూసుకుంది.

గిన్నె ఖాళీ అయ్యేసరికి 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది.

"ముప్పై ఒకటిన మీటరు రీడింగ్ తియ్యడానికి దిగుతావుగా," అన్నాడు స్ట్రువాన్ వెళ్తూ. "ఈసారి ఇంట్లో మెయిన్ స్విచ్ ఆపేసి దిగు."

"ఎందుకు?"

"ఇప్పుడే చెప్పను. నా లెక్కమీద నాకే మొదటిసారి అనుమానంగా ఉంది."

మార్చి ముప్పై ఒకటి సాయంత్రం ఊరంతా మీటర్ల ముందే. మర్నాటి నుంచి రేటు పెరుగుతుంది కాబట్టి, అప్పటిదాకా కాలినదంతా పాత రేటుకే లెక్కకట్టించుకోవాలంటే ఆ రోజు అంకెలు రాసి పంపాలి. కింద మెట్ల దారిలోని మీటర్ల అలమర దగ్గర భవనమంతా వరస కట్టింది. చేతుల్లో టార్చీలు, కాగితాలు. మిసెస్ మ్యూర్ అయితే బిస్కెట్ల పళ్లెం కూడా తెచ్చింది.

"పెళ్లికి కూడా ఇంతమంది రారు," అంది ఆవిడ.

మార్వెన్ వంతు వచ్చింది. ఆమె ఇంటి నంబరు రాసున్న మీటరు మీద ఎర్రదీపం టకటకా మిణుకుతోంది.

"మెయిన్ ఆపావా?" అన్నాడు స్ట్రువాన్.

"ఆపాను. ఇంట్లో చీకటి."

"మరి ఇదేంటి?"

స్ట్రువాన్ రెండేసి మెట్లెక్కి తన ఇంట్లోకి పరిగెత్తాడు. పైనుంచి 'ఆపేస్తున్నా!' అన్న కేక వినిపించింది. మార్వెన్ మీటరు మీది ఎర్రదీపం ఆగిపోయింది.

"మళ్లీ వేస్తున్నా!"

దీపం టకటకా కొట్టుకుంది.

మిసెస్ మ్యూర్‌కి అర్థం కావడానికి అరనిమిషం పట్టింది. "ఓరి నాయనో! నాలుగేళ్ల కిందట మీటర్లన్నీ ఇళ్లలోంచి పీకి ఇక్కడ పెట్టారే, అప్పుడు మీ రెండిళ్లవీ తారుమారు చేశారు. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదేనే పిల్లా! వాడు చొక్కా విప్పుకు తిరిగింది నీ డబ్బుతోటి!"

మెట్ల దారంతా నవ్వులతో నిండిపోయింది. మార్వెన్ కూడా నవ్వింది. నాలుగేళ్ల చలి ఆ నవ్వులోంచి బయటికి పోతున్నట్టుంది. తను దుబారా మనిషి కాదు, పిచ్చిదీ కాదు. అది చాలు ఆ క్షణానికి.

మెట్లు దిగి వచ్చిన స్ట్రువాన్ మాత్రం నవ్వలేదు. అలమర తలుపు పట్టుకుని నిలబడి మార్వెన్‌ని చూశాడు. ఆ ముఖంలో రక్తం లేదు. చూపు దించుకుని పైకెళ్లిపోయాడు.

బుధవారం రాలేదు. గురువారం రాలేదు. మార్వెన్ పెట్టెలు సర్దుతూ ప్రతి అడుగుల చప్పుడుకీ చెవులు రిక్కించింది. కంపెనీవాళ్లు లెక్కలు సరిచేస్తామన్నారు. ఇక బిల్లుకి భయపడి పారిపోవాల్సిన పని లేదు. అయినా సర్దుతూనే ఉంది. ఉండమని ఎవరైనా ఒక మాట అంటే బాగుండునని ఆమెకి అనిపించింది. ఎవరైనా అంటే ఎవరో కూడా ఆమెకి తెలుసు.

శుక్రవారం మధ్యాహ్నం అతను వచ్చాడు. చేతిలో కాగితాల కట్ట, ఒక చెక్కు. సర్దిన పెట్టెలు చూసి గుమ్మంలోనే ఆగాడు.

"నేను వచ్చిన మూడేళ్లవీ, కంపెనీ నుంచి మీటరు అంకెలు తెప్పించి, నెలనెలా లెక్క వేశాను. కంపెనీ ఎప్పుడిస్తుందో ఏమో. నేను కట్టాల్సింది నేను కట్టేస్తా."

"రెండు రోజులు ఇదా చేశావు?"

"సిగ్గేసింది మార్వెన్. నీకు పొదుపు పాఠం చెప్పాను. నీ వేడిలో కూర్చుని."

ఆమె కాగితాలు తిరగేసింది. అన్ని నెలల పక్కనా అంకెలు చక్కగా ఉన్నాయి. ఒక్కచోట పెన్ను ఆగి, కాగితం మీద సిరా చుక్క పడింది. పోయినేడాది జనవరి. మిగతా ఏ నెలకన్నా రెట్టింపు.

ఆ జనవరి మార్వెన్‌కి బాగా గుర్తు. ఆ బిల్లు చూసి వంటింట్లో నేలమీద కూర్చుని ఏడ్చింది. సాయంత్రం ఏడింటికే దుప్పట్లో దూరేది. కోటుకి గుచ్చుకోమని అమ్మమ్మ ఇచ్చిన వెండి బ్రోచ్ అమ్మేసింది.

"ఈ నెల ఏమైంది?" అని అడిగింది.

స్ట్రువాన్ గుమ్మం వదిలి లోపలికొచ్చాడు.

"నాన్న ఆఖరి నెల. ఆసుపత్రి వద్దన్నాడు, ఇంట్లోనే ఉంటానన్నాడు. ఎంత వేసినా చలి చలి అనేవాడు. అన్ని గదుల్లో హీటర్లు వేసి తలుపులు తెరిచిపెట్టా. బిల్లు ఎంతొస్తే అంత రానీ అనుకున్నా. తీరా చూస్తే ఎప్పటికన్నా ఎక్కువేమీ రాలేదు. నాన్న అదృష్టం అనుకున్నా. పైన నీ ఇస్త్రీపెట్టె చప్పుడు వినపడేది. దబ్బు, దబ్బు అని. ఫెర్రీ ఇంజను నడుస్తోందిరా, మనం ఇంకా అవతలికి దాటలేదు అనేవాడు. అది ఆగితే అడిగేవాడు, పైన ఆ అమ్మాయికి ఒంట్లో బాగానే ఉందా అని."

మార్వెన్ ఆ కాగితం పట్టుకుని కిటికీ దగ్గరికి నడిచింది. ఆయన్ని ఆమె ఒక్కసారీ చూడలేదు. అంత్యక్రియల రోజున కింద నల్లకార్లు చూసి, ఎవరో పాపం అనుకుని పనిలో పడిపోయింది. తను వణికిన ఆ నెలంతా, తెలియకుండానే, ఒక ముసలాయన్ని వెచ్చగా ఉంచింది. పోయిన బ్రోచ్ మీద బెంగ మొదటిసారి తీరింది.

కత్తెర తీసుకుని కాగితంలోంచి ఆ ఒక్క వరస కత్తిరించింది. మిగతాది అతని చేతిలో పెట్టింది.

"వీటన్నిటికీ వేరే చెక్కు రాయి. పైసా కూడా వదలను. కానీ ఈ జనవరి నాది. దీనికి నువ్వు కట్టడానికి వీల్లేదు."

"మార్వెన్..."

"మీ నాన్నకి నేను చేయగలిగింది ఇదొక్కటే స్ట్రువాన్. అదీ తెలీకుండా చేశా. దాన్ని వెనక్కి తీసుకోమనకు."

అతను అక్కడే, పెట్టెల మధ్య, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. పద్నాలుగు నెలలుగా ఎక్కడ దాచుకున్నాడో అంత ఏడుపు. మార్వెన్ దగ్గరికెళ్లి అతని తల తన భుజానికి ఆనించుకుంది. వేళ్లు మాత్రమే కనబడే ఆ తొడుగుల చేతులతోనే అతని జుట్టు నిమిరింది.

కొంతసేపటికి అతను ముఖం తుడుచుకుని, బల్లమీదున్న కంపెనీ ఉత్తరం చూశాడు.

"గడువు ఇవాళే కదా."

"ఇవాళే. ఫిక్స్ చెయ్యనా, వద్దా? ఎర్రగీత, నీలంగీత అన్నావంటే ఇస్త్రీపెట్టె విసురుతా."

"చెయ్యి."

"తగ్గితేనో?"

"తగ్గుతుందో పెరుగుతుందో నాకు నిజంగా తెలీదు. గీతలన్నీ గీశాక కూడా తెలీలేదు. నువ్వు వెళ్లిపోతే నాకేమవుతుందో మాత్రం తెలుసు." ఆమె కళ్లలోకి చూసి, తడబడకుండా చెప్పాడు. "నువ్వంటే నాకు ఇష్టం. ఉండిపో మార్వెన్. ఏడాది ఉండు. ఆ తర్వాత మళ్లీ అడుగుతా."

ఆమె ఉత్తరం మీద సంతకం పెట్టి, ఫోన్ తీసింది.

"అక్కా, ఫిక్స్ చేసేశా, రేపు వ్యాను తేవద్దు."

అవతల కట్రీనా గొంతు గదంతా వినపడింది. "ఫిక్స్ చేసేశావా? నీకేమన్నా మతి పోయిందా? జూలైలో తగ్గుతుందని అందరూ మొత్తుకుంటున్నారే!"

మార్వెన్ స్ట్రువాన్ ముఖం చూసింది. ఏడ్చి ఎర్రబడ్డ ఆ బుగ్గమీద సొట్ట మెల్లగా పడుతోంది.

"తగ్గితే తగ్గనీలే అక్కా," అంది.